పాత గోవాను చంపింది పాపం కాదు, బావినీరు

సంపద తలకెక్కింది, విలాసం ముదిరింది, పాపం పండింది, నగరం పాడుపడింది. పాత గోవా గురించి తరతరాలుగా వినిపిస్తున్న కథ ఇదే. ‘గోవాను చూసినవాడు లిస్బన్ చూడనక్కర్లేదు’ అని పోర్చుగీసువాళ్లు మురిసిపోయిన రాజధానికి ఇలా నీతికథ అంటగట్టినవాళ్లు తటస్థులు కారు.

లిన్‌షోటెన్ అనే డచ్చివాడు 1580ల్లో ఆ నగరంలో ఆర్చిబిషప్పు దగ్గర పనిచేశాడు. 1596లో అచ్చయిన అతని పుస్తకంలో గోవా అంగడివీధి బొమ్మ ఉంది: గొడుగులు పట్టే బానిసలు, పల్లకీలు, నడివీధిలో వేలంపాట, వాటి మధ్య దర్జాగా తిరిగే దొరలు. యూరప్ మనసులో గోవా అంటే ఆ బొమ్మే అయింది. పోర్చుగీసువాళ్లు దాచుకున్న ఆసియా సముద్రమార్గాల గుట్టును తనవాళ్లకు విప్పింది కూడా ఇతనే. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆ తరువాత గోవా రేవును పదేపదే దిగ్బంధించింది. నగరం కుళ్లిందని చాటినవాళ్లూ, దాని గొంతు నులిమినవాళ్లూ ఒకే గూటి పక్షులు. 1847లో వచ్చిన ఆంగ్లేయ యాత్రికుడు రిచర్డ్ బర్టన్ అయితే, పోర్చుగీసువాళ్లు స్థానికులను పెళ్లాడటమే పతనానికి మూలమన్నాడు. అది జాత్యహంకారం తప్ప చరిత్ర కాదు.

అవినీతి లేదా అంటారు. ఉంది, కావలసినంత ఉంది. కానీ అవినీతే నగరాలను చంపేదైతే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కాలపు కలకత్తా ఏనాడో మట్టిలో కలిసేది.

అసలు కారణం కాళ్ల కింద ఉంది. ఆ నేలంతా చిల్లులున్న ఎర్రరాయి. మురుగు దానిలోంచి ఇంకి బావుల్లోకి చేరింది. కలరా, విషజ్వరాలు ఊరిని ఖాళీ చేశాయి. 1759లో వైస్రాయి పణజికి తరలిపోయాడు. 1770ల్లో లిస్బన్ ఆజ్ఞతో పాత నగరాన్ని మళ్లీ కట్టబోతే కూలీలే జబ్బులకు బలయ్యారు. మరో దెబ్బ మనకు బాగా తెలిసినది. గోవా రేవులో దిగిన అరబ్బు గుర్రాలకు పెద్ద గిరాకీ విజయనగరంలోనే. 1565లో రాక్షసి తంగడి దగ్గర ఓడింది రామరాయలే అయినా, గోవా సుంకాలకూ గండి పడింది.

ఇంతకీ ‘పతనం’ ఎవరి మాట? 1560లో గోవాలో ఇంక్విజిషన్, అంటే మతం తప్పారని జనాన్ని విచారించి శిక్షించే చర్చి న్యాయస్థానం, మొదలైంది. ఆ ఏడాదే కుశస్థలి ఊరి గుడి నుంచి తమ దేవుడు మంగేశుడిని (శివుడిని) జువారీ నది దాటించి ప్రియోళుకు తీసుకుపోయిన కుటుంబాలకు బంగారు గోవా ఎప్పుడుంది? ఎవరికి బంగారం అని అడగకుండానే స్వర్ణయుగాలను వల్లించే జబ్బు మనకూ ఉంది. హంపీ అనగానే రత్నాలు రాశులు పోసి అమ్మారని చెప్పి పొంగిపోతాం. ఆ వీధులకు రాళ్లు మోసినవాడి ఊసు, పన్ను కట్టిన రైతు ఊసు మన పాఠాల్లో ఎన్ని వాక్యాలు?

పాత గోవా శిథిలాల్లో అందరూ ఫొటో తీసుకునేది సెయింట్ అగస్టీన్ చర్చి గోపురాన్నే. 46 మీటర్ల ఎత్తు, ఒంటరిగా, ఎర్రరాయి బయటపడి నిలబడి ఉంటుంది. దాన్ని పాడుబెట్టినది విలాసం కాదు. 1835లో ప్రభుత్వమే సన్యాసులను వెళ్లగొట్టింది. 1842లో కప్పు కూలింది, 1931లో ముఖభాగం పడిపోయింది. ఆ చర్చి గంట మాత్రం పణజి నడిబొడ్డున, తెల్లటి మెట్ల పైనున్న చర్చిలో నేటికీ వేలాడుతోంది.