పాత ఎస్టేట్ కారు కొంటున్నారా? ఇంజిన్ చివర్లో చూడండి

2025 నవంబరులో టాటా సియెర్రా కొత్త రూపంలో వచ్చింది. దాంతో పాత సియెర్రాల మీద, వాటి తోబుట్టువు లాంటి టాటా ఎస్టేట్ మీద మళ్లీ మోజు మొదలైంది. పాత సియెర్రా 1991లో, ఎస్టేట్ 1992లో వచ్చాయి. ఎస్టేట్‌లాగా డిక్కీ విడిగా లేకుండా పైకప్పు వెనకదాకా సాగే పొడవాటి కార్లు మన దేశంలో ఎప్పుడూ సరిగ్గా అమ్ముడుపోలేదు. బలెనో ఆల్టూరా, ఇండిగో మెరీనా కూడా అంతే, వచ్చాయి, పోయాయి. వెనక డిక్కీ కనిపిస్తేనే కారు, లేకపోతే అంబులెన్సు అనుకునేవాళ్లం. అప్పుడు ఎవరూ కొనలేదు కాబట్టే ఇప్పుడు దొరకడం లేదు. దొరకడం లేదు కాబట్టి అమ్మేవాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతున్నారు.

తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఈ వేటలో ఒక సౌకర్యం ఉంది. చెన్నై, వేలూరు, బెంగళూరు పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికి చేరే దూరంలోనే ఉన్నాయి. ఫొటోలు నమ్మి అడ్వాన్సు పంపే ఖర్మ లేదు, వెళ్లి కళ్లారా చూడొచ్చు. కానీ చూడ్డానికి వెళ్లినవాళ్లు చేసే మొదటి పని బానెట్ ఎత్తి ఇంజిన్ స్టార్ట్ చేయించడం. నా లెక్కలో అది చివర చేయాల్సిన పని. ముందు చూడాల్సింది ఆర్‌సీ, ఆ తర్వాత బండి వెనక సగం.

ఇంజిన్‌ని ఎందుకు వెనక్కి నెడుతున్నానంటే, ఎస్టేట్‌లో ఉన్న 1948 సీసీ డీజిల్ ఇంజిన్ దాని ఒక్కదానిదే కాదు. టాటామొబైల్ పికప్‌లో, తొలితరం సుమోల్లో కూడా అదే. సీమలో సుమో తిరగని ఊరు లేదు (సినిమాల్లో గాల్లోకి లేచినవి వేరే లెక్క). ఆ ఇంజిన్ విప్పి బిగించిన మెకానిక్కులు మన షెడ్లలో ఇంకా ఉన్నారు. పిస్టన్లు, రింగులు, హెడ్ గ్యాస్కెట్ వెతికితే దొరుకుతాయి. తిరుపతి ఆటోనగర్‌లో లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లో, అక్కడా లేకపోతే చెన్నై పుదుపేటలో. బ్యాటరీ అయితే తిరుపతి పక్కన కరకంబాడిలోనే తయారవుతుంది.

దొరకనివి వేరే ఉన్నాయి. ఎస్టేట్ ముందు భాగం సియెర్రాతో కలుస్తుంది కాబట్టి అటువైపు ఏదో ఒక దారి ఉంటుంది. వెనక డోరు, దాని అద్దం, పక్కన పొడవాటి అద్దాలు, వాటి చుట్టూ రబ్బరు బీడింగులు, లోపలి ప్లాస్టిక్ తొడుగులు ఈ మోడల్‌కే ప్రత్యేకం. టఫెన్డ్ గ్లాసును ఒకసారి తయారయ్యాక కోయడం కుదరదు, పగిలిపోతుంది. కాబట్టి వేరే బండి అద్దం తెచ్చి సైజు చేయిద్దాం అనే మాట నమ్మకండి. అద్దాలన్నీ ఉండి ఇంజిన్ పట్టేసిన బండి, ఇంజిన్ బ్రహ్మాండంగా ఉండి వెనక అద్దం లేని బండి పక్కపక్కన నిలబెడితే నేను మొదటిదే కొంటాను.

తుప్పు సంగతి కూడా వెనకే తేలుతుంది. వెనక డోరు కింది అంచు, చక్రాల మీద వంపులు, కార్పెట్ కింద రేకు, పైకప్పు అంచున నీళ్లు జారే గాడి చూడాలి. మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. అది పట్టుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. చెన్నై బండ్లకు సముద్రపు గాలి ఒక శాపమైతే, 2015 డిసెంబరు వరదల్లో మునిగినవి ఇంకో రకం. సీట్‌బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర్లో బురద మరక దొరికిపోతుంది. పలమనేరు, పుంగనూరు వైపు షెడ్డులో ఏళ్ల తరబడి నిలిపేసిన బండికి రేకు గట్టిగానే ఉండొచ్చు, రబ్బర్లు మాత్రం ఎండి చిట్లి ఉంటాయి. రబ్బరు మార్చుకోవచ్చు. రేకు పోతే టింకరింగ్, అది చేతిపనిగా తెలిసిన టింకర్లు తగ్గిపోతున్నారు. ఇప్పటి షెడ్లలో పార్టు మార్చడం తెలుసు, కొట్టి వంపు తీసుకురావడం కొద్దిమందికే తెలుసు.

ఇక కాగితాలు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 5,000 నుంచి 10,000 రూపాయలు చేసింది. గడువు దాటితే నెలకు 500 చొప్పున అదనం అని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఆ తర్వాత గడువు తీరిన బండి నాలుగేళ్లు చెట్టు కింద ఉంటే 24,000 అక్కడే అయిపోతుంది. గ్రీన్ ట్యాక్స్ వేరు. తమిళనాడు, కర్ణాటక నంబరైతే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. యజమాని చనిపోయి ఉంటే అమ్మకంతో పేరు మార్చే 29, 30 ఫారాలు చాలవు, వారసుల పేరున 31వ ఫారం నడవాలి. ముప్పై ఏళ్ల బండ్లలో ఇది మామూలే. ‘సంతకాలు తర్వాత పెట్టిస్తాలే అన్నా’ అనే బ్రోకరుకు దండం పెట్టి వచ్చేయండి.

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలవాలి. ఎవరో ఎప్పుడో వేరే ఇంజిన్ ఎక్కించి రికార్డులో రాయించకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర బండి ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

‘వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తే సరి’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలువే ఉండాలి. 1992 బండికి ఆ యోగం రావడానికి 2042 దాకా ఆగాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 30 ఏళ్లకే చారిత్రక వాహనం అంటుంది, జర్మనీలోనూ అంతే. మన దగ్గర 20 నుంచి 50 మధ్య బండి ఫీజులకు ముసలిది, గుర్తింపుకు పసిది.

అయినా ఆ గుర్తింపు కోసం నేను ఏడవను. వింటేజ్ ఫీజు పదేళ్లకు 20,000. మామూలు పాత కారుకూ ఐదేళ్లకు 10,000 చొప్పున పదేళ్లకు అంతే. వింటేజ్‌కు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రీమియంలో సగం తగ్గింపు ఉన్న మాట నిజమే. 1500 సీసీ దాటిన కారుకు 2022లో ఖరారైన రేటు 7,897 అనుకుంటే మిగిలేది నాలుగు వేల లోపే. దానికి బదులుగా బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోడ్డెక్కించకూడదు. ఎస్టేట్ కొనేదే సామాను, పిల్లలు, అవ్వ, బిందెలతో కాణిపాకమో కుప్పమో వెళ్లడానికి. అందుకే అర్ధశతాబ్దం నాటి ఫియట్ వ్యాగన్ కంటే తొంభైల నాటి డీజిల్ ఎస్టేటే మన జిల్లాకు తగిన కొనుగోలు. ఫియట్‌కు ఇంకో తంటా కూడా ఉంది, ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత కార్బురేటరు రబ్బర్లకు పడదు. తిరుమల ఘాట్ మాత్రం ఏ పాత బండితోనూ ఆలోచించొద్దు. రేడియేటర్ సంగతి అటుంచి, అలిపిరిలో పైకి వదులుతారన్న నమ్మకం లేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సిందేమైనా ఉంటే, వయసు చూసి ఫీజు పెంచడం కాకుండా బండి కండిషన్ చూసి నిర్ణయించమని అడగాలి. బ్రేకులు, పొగ, లైట్లు పరీక్షలో నెగ్గిన ముప్పై ఏళ్ల కారుకు పదిహేనేళ్లు నిండిన కారు ఫీజే చాలు.

విడిభాగాల కోసం రెండో ఎస్టేట్ కొనేవాళ్లకు ఒక మాట. అద్దాలు, డోర్లు ఊడదీసుకుని మిగతాది గుజిరీకి వేసేస్తే పని అయిపోదు. బండి ఇక పనికిరాదని 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించాలి. లేదంటే ఆ నంబరు ఎవరి చేతిలో పడినా చలానాలు, కేసులు రికార్డులో పేరున్న మనిషినే వెతుక్కుంటూ వస్తాయి.