ప్రాంక్ వీడియో చివరి రెండు నిమిషాలు చూడండి

మే నెలలో మా చెల్లెలు పిల్లాణ్ని తీసుకుని ఖమ్మం నుంచి తెనాలి వచ్చింది. మా వాడికి పదేళ్లు, వాళ్ల వాడికి ఏడు. ఆ ఎండల్లో బయటికి పంపలేక మధ్యాహ్నాలు ఇద్దరినీ కూలర్ ముందు కూర్చోబెట్టి చెరో ఫోను ఇచ్చేవాళ్లం. ఒకే వైఫై మీద మైన్‌క్రాఫ్ట్ ఆడుకునేవాళ్లు, దిమ్మెలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే ఆట అది. చిన్నాడు 18 రోజులు కష్టపడి అందులో ఒక ఇల్లు కట్టాడు. వాళ్ల నాన్నమ్మ వాళ్ల ఊళ్లో ఉన్న పెంకుటిల్లు అది. ముందు అరుగు, మధ్యలో మండువా, వెనకాల గేదెల పాక. ఆ ఆటలో గేదెలు ఉండవట, అందుకని పాకలో రెండు ఆవుల్ని కట్టేశాడు. రాత్రి అన్నం తింటూ కూడా "పెద్దమ్మా, రేపు బావి తవ్వుతా" అనేవాడు.

మర్నాడు మా వాడు ఆ ఇంటి కింద సొరంగం తవ్వి, దాన్నిండా టీఎన్‌టీ అనే పేలుడు దిమ్మెలు పెట్టి పేల్చేశాడు.

నేను వంటింట్లో ఉన్నాను. కేక వినపడి పరుగెత్తుకొచ్చేసరికి చిన్నాడు ఫోను రెండు చేతులతో పట్టుకుని నోరు తెరుచుకుని ఉన్నాడు, ఏడుపు ఇంకా బయటికి రావట్లేదు. వాడికి ఎదురుగా నా పాత ఫోను ఉంది. మా వాడు దాన్ని మరమరాల డబ్బాకి ఆనించి, కెమెరా ముందే ఆన్ చేసి పెట్టుకున్నాడు. "ప్రాంకే అమ్మా! రియాక్షన్ వీడియో!" అన్నాడు. వాడి మొహంలో బెదురు లేదు. పద్యం తప్పు లేకుండా అప్పజెప్పి మెచ్చుకోలు కోసం చూసే పిల్లాడి మొహంలా ఉంది. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

ఆ ఆటలో పోయినదాన్ని వెనక్కి తెచ్చే బటన్ లేదు. ముందే ఆ ప్రపంచానికి కాపీ తీసి పెట్టుకుంటే తప్ప, పోయింది పోయినట్టే. 18 రోజుల పని ఆ రోజు ఒక పెద్ద గొయ్యి అయిపోయింది.

తిట్టాను, రెండు తగిలించబోయి ఆగాను. ఆ రాత్రి నుంచి వారం పాటు, వాడు పడుకున్నాక, వాడి యూట్యూబ్ హిస్టరీ తీసి ఒక్కొక్కటీ చూశాను. పూర్తిగా, ఎక్కడా ముందుకి జరపకుండా. నేను చూసింది అందరికీ చెప్పాలని ఈ పోస్టు రాస్తున్నాను.

బూతులు దాదాపు లేవు. రక్తం లేదు. మనం పిల్లల వీడియోల్లో వెతికేది ఈ రెండే కదా! పక్క గదిలోంచి ఒక చెవి వేసి ఉంచుతాం, చెడ్డ మాట వినపడకపోతే సరేలే అనుకుంటాం. రెండేళ్లుగా నేను చేసిందీ అదే. ఆ వడపోతలోంచి ఇవన్నీ హాయిగా జారిపోయాయి.

మా వాడు ఎక్కువగా చూసింది ఫ్రీ ఫైర్ అనే తుపాకుల ఆటలోని 'నూబ్ ప్రాంక్'లు. నూబ్ అంటే ఆట రానివాడు. తెలియని వాళ్ల కోసం చెప్తాను. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఫ్రీ ఫైర్‌ని నిషేధించింది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం మిగిలింది, పిల్లలంతా దానికి మారారు. ఈ వీడియోల్లో, చేయి తిరిగిన ఆటగాడు ఒకడు ఖరీదైన డ్రెస్సులన్నీ తీసేసి, ఆట మొదలుపెట్టిన రోజు అందరికీ ఊరికే వచ్చే 'ఆడమ్' వేషంలో ముక్కూమొహం తెలియని పిల్లల జట్టులో చేరతాడు. వాళ్లు "పోరా నూబ్", "మా టీంలోంచి బయటికి పో" అంటారు. ఇతను కాసేపు దీనంగా మాట్లాడతాడు. తర్వాత ఒక్కసారిగా డైమండ్లు పెట్టి కొన్న బండిల్, అంటే ఖరీదైన వేషం, వేసుకుని కనపడతాడు. అంతే, అప్పటిదాకా తిట్టినవాళ్లు "అన్నా సారీ అన్నా, ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టన్నా" అని బతిమాలతారు. అయిపోయింది వీడియో.

పైకి చూస్తే నీతికథే. బలహీనుణ్ని తిట్టినవాడికి బుద్ధి వచ్చింది అనిపిస్తుంది. మళ్లీ చూడండి. తిట్టినవాడు సారీ ఎందుకు చెప్పాడు? ఎదుటివాడు మనిషని కాదు, డబ్బున్నవాడని తెలిసి. నిజంగానే ఆడమ్ వేషంలో ఉన్న పిల్లాడికి ఆ వీడియోలో ఎవరూ సారీ చెప్పరు. డైమండ్లంటే రూపాయలు. చిరిగిన చొక్కా వేసుకొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి, కారు దిగినవాడికి కుర్చీ వేయడం ఎంత తప్పో మా నాన్న చెప్పేవారు. దానికి సరిగ్గా తిరగేసిన పాఠం రోజుకి నాలుగుసార్లు నా కొడుకు నవ్వుతూ నేర్చుకున్నాడు. ఆ మధ్య బడిలో ఒక పిల్లాణ్ని "వాడు ఆడమ్ గాడు" అన్నాడు, నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇంకో రకం 'ఐడీ డిలీట్ ప్రాంక్'. తమ్ముడి అకౌంట్‌ని అన్న పోగొట్టినట్టు నటిస్తాడు, ఒక్కోసారి నిజంగానే పోగొడతాడు. చిన్నవాడు నేలమీద పడి ఏడుస్తాడు. వీడియో తెరవకముందు కనపడే థంబ్‌నెయిల్ బొమ్మలో ఆ ఏడ్చే మొహమే, దాని పక్కన ఎర్ర బాణం. ఇందులో నాకు బాధ కలిగించింది ఏడుపు ఒక్కటే కాదు. పాస్‌వర్డ్ స్నేహితుడికి చెప్పడం, ఫోను వాడి చేతిలో పెట్టి వెళ్లడం అందులో మంచినీళ్లు తాగినంత మామూలుగా చూపిస్తారు. 'ఫ్రీ డైమండ్స్' అని లింకులు పంపి అకౌంట్లు కొట్టేసేవాళ్లకి కావాల్సింది సరిగ్గా ఆ అలవాటే.

జీటీఏ 5 అనే నేరాల ఆట వీడియోల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇళ్లలో అవి కార్టూన్లనే అనుకుంటున్నారు. టీవీ కార్టూన్‌లో పిల్లాడు షిన్‌చాన్ బొమ్మ కనిపిస్తుంది, ఆ ఆటలోని ఫ్రాంక్లిన్ పేరు వినిపిస్తుంది, పిల్లలు పడీపడీ నవ్వుతుంటారు. 2013లో వచ్చిన ఆ ఆటకి యూరప్‌లో 18 ఏళ్లు దాటినవాళ్లకే అని, అమెరికాలో 17 దాటినవాళ్లకని రేటింగ్ ఇచ్చారు. అందులోకి ఎవరో షిన్‌చాన్ రూపాన్ని విడిగా చేర్చారు. ప్రాంక్ పేరుతో దారినపోయేవాణ్ని బండితో గుద్దడం, షాపు తగలబెట్టడం అన్నీ ఉంటాయి. ఆట పేరు వెతికి దాని వయసు రేటింగ్ చూడటానికి నిమిషం పట్టదు. బొమ్మని చూసి మోసపోకండి.

అన్నీ చెడ్డవని నేను అనను. వారంలో నేను చూసినవాటిలో మైన్‌క్రాఫ్ట్‌లోనే ఒకటి నన్ను కూడా నవ్వించింది. ముగ్గురు స్నేహితులు, ఒకడు బయటికి వెళ్లి వచ్చేలోపు మిగతా ఇద్దరూ వాడి ఇంటినిండా కోళ్లని నింపేశారు. తలుపు తీయగానే కోళ్ల వరద. వాడే అందరికంటే ఎక్కువ నవ్వాడు, తర్వాత ముగ్గురూ కలిసి కోళ్లని బయటికి తోలారు, అదంతా కూడా వీడియోలో ఉంచారు. ఇల్లు ఇల్లులాగే ఉంది.

ఈ తేడా తెలియాలంటే చివరి రెండు నిమిషాలు చూడాలి. నా మాట నమ్మి ఈ ఒక్కటీ చేయండి. ప్రాంక్ అయ్యాక మోసపోయినవాడి మొహం చూపించారా? వాడు నవ్వాడా? పోయింది తిరిగి ఇచ్చారా? లేక వాడి ఏడుపు మీద పాట పెట్టి, సబ్‌స్క్రైబ్ చేయమని చెప్పి ముగించేశారా? మొదటి రెండు నిమిషాలు అన్ని వీడియోల్లోనూ ఒకేలా ఉంటాయి, మనం పక్కన కూర్చునేది ఆ రెండు నిమిషాలే.

ఇంకొకటి. వీడియో కింద కామెంట్లు ఉన్నాయేమో చూడండి. అమెరికాలో పిల్లల సమాచారం సేకరించిన కేసులో 2019లో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాక, 2020 జనవరి నుంచి 'పిల్లల కోసం' అని గుర్తు పెట్టిన వీడియోలకి కామెంట్లు ఉండవు. కామెంట్లు తెరిచి ఉన్నాయంటే, ఆ వీడియో పిల్లల కోసమని యూట్యూబ్ లెక్కలో లేనట్టే. కామెంట్లు లేనంత మాత్రాన మంచిదని కాదు, వాటిని ఎవరైనా ఆపేసుకోవచ్చు. ప్రమాదకరమైన ప్రాంకుల మీద, పిల్లల్ని తీవ్రంగా క్షోభపెట్టే ప్రాంకుల మీద 2019లోనే యూట్యూబ్ నిబంధనలు స్పష్టం చేసింది. చిన్నచూపు నేర్పేవాటికి అవి అడ్డుపడవు. నాకు పనికొచ్చింది యూట్యూబ్ మొదటి పేజీలో వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి 'డోంట్ రికమెండ్ చానల్' అనడం. మా వాడి ఎదురుగానే, ఎందుకో చెప్పి నొక్కాను.

వాణ్ని అడిగాను, "తమ్ముడు ఏడుస్తుంటే నీకేమీ అనిపించలేదా?" అని. "వీడియోల్లో అందరూ ఏడుస్తారుగా అమ్మా, తర్వాత మామూలైపోతారు" అన్నాడు. వాటిలో సగం ముందే మాట్లాడుకుని నటించినవని వాడికి తెలియదు. మనకి చూడగానే తెలిసిపోతుంది. పదేళ్లవాడు నటించిన ఏడుపునీ తమ్ముడి ఏడుపునీ ఒకే గాటన కట్టేశాడు.

అక్కడితో ఆగలేదు వాడు. "బాబాయి కూడా తీశాడుగా" అన్నాడు. నిజమే. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు మా మరిది, చిన్నాడి గాలిపటం తెగిపోయిందని అబద్ధం చెప్పి, వాడి మూతి వంకర తిరగడం వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరం నవ్వే బొమ్మలు పెట్టాం. నేనూ పెట్టాను. 2017లో అమెరికాలో మేరీల్యాండ్‌లో ఒక జంట ఇలాగే మొదలై చాలా దూరం వెళ్లింది. 'డాడీఓఫైవ్' అనే చానల్ కోసం, కార్పెట్ మీద సిరా పోశావని చిన్నపిల్లాడి మీద అరిచి ఏడిపించి ఆ వీడియో పెట్టారు. అది మాయమైపోయే సిరా. చివరికి ఇద్దరు పిల్లలు ఆ ఇంటినుంచి కన్నతల్లి దగ్గరికి వెళ్లిపోయారు, ఆ దంపతులకి పిల్లల నిర్లక్ష్యం కేసులో జైలుకి బదులు అయిదేళ్ల ప్రొబేషన్, అంటే కోర్టు నిఘా, పడింది. మనం అంత దూరం వెళ్లలేదు, నిజమే. కానీ ఏడ్చే పిల్లాడికి ఎదురుగా ఫోను పెట్టడం మా వాడు యూట్యూబ్ కంటే ముందు మా ఇంట్లోనే చూశాడు. గ్రూపులో ఆ వీడియో తీసేయమని మరిదిని అడిగాను, తీసేశాడు.

తెనాలిలో పుట్టిన పిల్లలం, చిలిపితనం వద్దని ఎలా అంటాం? రామలింగడు ఆటపట్టించింది రాయలవారిని, గర్వంతో వచ్చిన పండితుల్ని. అది చెప్దామనే పడుకునేటప్పుడు ఇద్దరికీ పిల్లి కథ చెప్పాను. రామలింగడు వేడి వేడి పాలు పెట్టడంతో పిల్లి మూతి కాలి, ఆ తర్వాత పాలు చూస్తేనే పారిపోయేది కదా. అది విని చిన్నాడు, "పిల్లికి ఎంత నొప్పి పుట్టిందో పెద్దమ్మా" అన్నాడు. నా చిన్నప్పుడు వందసార్లు విన్న కథ. ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. మా వాడు అటు తిరిగి పడుకున్నాడు, చాలాసేపు నిద్రపోలేదు.

వాళ్లు ఖమ్మం వెళ్లాక చిన్నాడు మళ్లీ మొదటినుంచి కడుతున్నాడు. మా చెల్లెలు అకౌంట్లు కలిపితే ఇద్దరూ ఎవరింట్లో వాళ్లుండి ఆడుకుంటున్నారు. మొన్న ఆదివారం వీడియోకాల్‌లో చిన్నాడు అన్నాడు, "అన్నయ్యా, నిన్ను విజిటర్‌గా పెట్టాను. నువ్వు రావచ్చు, చూడొచ్చు. ఏదీ పగలగొట్టడం కుదరదు." ఆ సెట్టింగు వాడికి ఎవరు చూపించారో నాకు తెలియదు. మా వాడు సరే అన్నాడు. అరగంటసేపు ఆ అరుగు మీద నిలబడి, వాడు ఒక్కో పెంకూ పేర్చడం చూస్తూ ఉన్నాడు.