బ్లాక్‌లిస్టు దొరగారికి ఒక పచ్చళ్లావిడ ఉత్తరం

మహారాజశ్రీ దేశాల బ్లాక్‌లిస్టు దొరగారికి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం కనుక్కుందామంటే మీరు తలుపు తియ్యరాయె.

పోయిన వారం డల్లాస్‌లో ఒకాయనకి రెండు కిలోల గోంగూర, కిలో ఆవకాయ బిల్లు మెయిల్ చేశాను. ఆయన ఇచ్చింది ఆఫీసు అడ్రస్. నిమిషంలో తిరిగొచ్చింది, నెత్తిన 550, అంటే 'తీసుకోం' అని ముద్రేయించుకుని. ఆరా తీస్తే, అక్కడి సర్వర్‌లో కూర్చుంది మీరేనట. మెయిల్ అడ్రస్ చివర్న మన దేశం తోక డాట్ ఇన్ కనిపిస్తే చాలు, లోపల ఏముందో చూడరట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టుంది. డాట్ కామ్ నుంచి రోజూ బుట్టెడు చెత్త వస్తుంది, దాని జోలికి మాత్రం పోరు. పెద్దింటి పిల్ల కదా!

దేశం తోక చూసి ఆపడం తప్పు కాదనడానికి టొకెలావు సంగతి చెప్తారేమో. న్యూజిలాండ్ కింద ఉన్న మూడు పగడపు దీవులు, జనం 1,500 దాకా. వాళ్ల తోక డాట్ టీకేతో ఉండే వెబ్‌సైటు పేర్లని ఫ్రీనమ్ అనే కంపెనీ ఊరికే పంచితే లక్షలకి లక్షలు పుట్టాయి. తీసుకున్న మోసగాళ్లలో ఆ దీవుల్లో కాలు పెట్టినవాళ్లు ఎందరు? 2024లో ఆ కంపెనీ పేర్ల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పేసింది. చెడ్డపేరు దీవులకి మిగిలింది.

దొంగని పట్టాలంటే మీ అన్నగారు హూఈజ్ ఉన్నారుగా! 1982 నాటి చిట్టా, ఏ వెబ్‌సైటు పేరు ఎవరిదో చెప్పేవారు. 2016లో నేను అలాంటి పేరొకటి, అంటే డొమైన్, కొని, అడిగారు కదాని ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు ఉన్నదున్నట్టు రాశాను. దొంగవాడు ఏ పిచ్చి పేరో రాసుకుంటాడు, అది వేరే సంగతి. మర్నాడు ఆవకాయ కలుపుతుంటే మొదటి ఫోన్. చేతినిండా కారం, మోచేత్తో నొక్కి ఎత్తాను. "మేడమ్, లోగో కావాలా?" సాయంత్రానికి పదకొండు మంది. 2018 మేలో యూరప్ వాళ్ల గోప్యత చట్టం జీడీపీఆర్ వచ్చాక అన్నగారు పరదా వేసుకున్నారు. ఈలోగా నా నంబరు ఎన్ని చేతులు మారిందో! ఇప్పుడు నేనే ఒక మోసగాడి పేరు అడిగితే, గోప్యత అంటున్నారు.

బిల్లు చివరికి వాట్సాప్‌లో పంపాను. నిన్న మళ్లీ ఫోన్. అదే గొంతు, "మేడమ్, మీ మెయిల్స్ బౌన్స్ అవుతున్నాయా? డాట్ కామ్ ఇప్పించమంటారా?"

ఇట్లు,
మీ గుమ్మం బయట నిలబడ్డ పచ్చళ్లావిడ