సీజర్‌గారి గోత్రం

బరంపురంలో మా తెలుగువాళ్లకీ ఒడియా ఇరుగుపొరుగుకీ మధ్య ఎన్నటికీ తేలని తగువు ఒకటుంది. మేనరికం. మేనమామ కూతుర్ని చేసుకున్నారంటే చాలు, వాళ్లు చెవులు మూసుకుంటారు. మనకీ సిగ్గేసి ఈమధ్య బాగా తగ్గించాం. ఇప్పుడు సంబంధం అనగానే గోత్రం, ఇంటిపేరు, మూడు తరాల చుట్టరికం తవ్వి తీసిగానీ కాఫీ కూడా ఇవ్వం.

అలాంటి మా మావయ్య ఇంటికి సీజర్‌గారు వేంచేశారు. వెల అక్షరాలా 40,000 రూపాయలు. జాతి జర్మన్ షెపర్డ్. మా వీధిలో అల్సేషన్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌వాళ్లకి జర్మన్ అన్న మాట వింటేనే ఒళ్లు మండి, కుక్క పేరు అల్సేషియన్ అని మార్చేశారు. 1977లో పాత పేరు మళ్లీ ఒప్పుకున్నారు కూడా. ఆ కబురు మా వీధికింకా రాలేదు.

కుక్క కంటే ముందు దిగింది దాని సర్టిఫికెట్. మావయ్య దానికి లామినేషన్ చేయించి, దేవుడి గూట్లో సింహాచలం అప్పన్న పటం పక్కన పెట్టాడు. వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించడం మొదలుపెట్టాడు. తండ్రి ఫలానా, తల్లి ఫలానా, తండ్రికి తండ్రి ఫలానా ఛాంపియన్. తల్లికి తండ్రి దగ్గరికొచ్చేసరికి అత్తయ్య వంటింట్లోంచే అడిగింది.

"అదేంటండీ, ఆ పేరు ఇందాకే చదివారు?"

"రెండు పక్కలా ఆయనేనే. అదే గొప్ప!"

అత్తయ్య చేతిలో అట్లకాడతోనే బయటికొచ్చి లెక్క కట్టింది. తండ్రికి తండ్రీ, తల్లికి తండ్రీ ఒకడేనంటే, ఆ తల్లీ తండ్రీ ఒకడి పిల్లలే. "అయ్యో రామ, అన్నాచెల్లెళ్లకి ముడిపెట్టారా!"

"లైన్ బ్రీడింగ్ అంటారు," అన్నాడు మావయ్య గంభీరంగా.

సోఫాలో కూర్చున్న ఎదురింటి ఒడియా మాస్టారు "హే జగన్నాథ!" అని టీ కప్పు కింద పెట్టేశారు. మేనరికం దగ్గరే నలభై ఏళ్లు ఆగిపోయిన మనిషి, పాపం. తెలుగువాళ్లు ఇంత దూరం వెళ్లగలరని ఆయన కలలో కూడా అనుకోలేదు. మావయ్య మాత్రం ఆ సర్టిఫికెట్ దించి, తుడిచి, ఆ పేరున్న చోట వేలు పెట్టి రెండోసారి చూపించాడు. అప్పన్నకి ఆ పూట హారతి ఆలస్యమైంది.

నిజానికి ఇది వీళ్లు కనిపెట్టిందేమీ కాదు. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ మాజీ అశ్వికదళ అధికారి హోరాండ్ అనే ఒక్క కుక్కని చూసి ముచ్చటపడి, దాన్నే జాతి మూలపురుషుణ్ణి చేశాడు. తర్వాత దాని సంతానాన్ని దాని సంతానంతోనే కలుపుతూ పోయారు. లోపమున్న జన్యువు రెండు పక్కల నుంచీ ఒకటే వస్తే ఏమవుతుందో మేనరికాల ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. ఈ జాతిలో చాలా కుక్కలకి ఐజీఏ అనే యాంటీబాడీ తక్కువ. ముక్కులో, పేగుల్లో సూక్ష్మజీవుల్ని గుమ్మంలోనే ఆపాల్సింది అదే. అంటే ఇంటికి కాపలా కాసే కుక్కకి, దాని పేగుల దగ్గర కాపలా లేదన్నమాట. ఇంకొన్నిటికి రోగనిరోధక శక్తి తిక్కతిక్కగా పనిచేసి, తోక కింద చీముపుళ్లు తెస్తుంది. దాన్ని అణచడానికి మందులు వాడాలి. సీజర్ కాపలా కూడా అంతే తిక్క. పాలవాడి మీద విరుచుకుపడేది, గేటు దూకి వచ్చినవాడి చెయ్యి నాకేది. తుంటి కీళ్ల సంగతి ఎత్తను. నడుము వెనక్కి జారి, సిటీ బస్సెక్కబోయి ఆగిపోయినట్టుండే ఆ భంగిమని మావయ్య "షో స్టాన్స్" అంటాడు.

ఇక పిడుదులు. వీధికుక్కలకీ పడతాయి, జ్వరాలు వాటికీ వస్తాయి. కానీ పిడుదులు మోసుకొచ్చే ఎర్లీకియా సూక్ష్మజీవి జర్మన్ షెపర్డ్‌ని పట్టినంత గట్టిగా చాలా జాతుల్ని పట్టదు. 1960ల చివర వియత్నాంలో అమెరికా సైన్యం కుక్కలు వందకు పైగా ఈ జబ్బుతోనే పోయాయి. వాటిలో ఎక్కువ ఇవే. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారుతుంది.

మే నెలలో సీజర్‌కి ముక్కు నుంచి రక్తం కారింది. మావయ్య వేడి చేసిందన్నాడు. మజ్జిగ పోశారు. రెండో రోజు దిష్టి అన్నారు, నిమ్మకాయలు తిప్పి వీధిలో పారేశారు. మూడో రోజు సోఫా మీద మరకలు పడుతున్నాయని డాబా మీద రేకుల కింద కట్టేశారు. బరంపురం మే నెల ఎండలో, రేకుల కింద! నేను వెళ్లేసరికి గిన్నెలో నీళ్లు వేడెక్కిపోయి ఉన్నాయి. చెవి మడత విప్పితే లోపల మిరియాలు పరిచినట్టు పిడుదులు. అది తోక ఊపబోయింది, పైకి లేవలేదు. ఒక్క రక్త పరీక్షరా బాబూ! మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ బిళ్లలతో చాలా కుక్కలు లేచి తిరుగుతాయి. 40,000 పోసి తాత పేరు కొన్నవాడికి ఆ పరీక్ష ఖరీదెక్కువైంది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "మా లైన్‌లో ఇలాంటివి రావండీ, మీ పెంపకంలోనే ఏదో" అన్నాడు. వాడి నోట్లో మన్ను పడ. ఆ తల్లిని అప్పటికే మళ్లీ చూలు కట్టించాడు, ఆ మగకుక్కతోనే.

సీజర్ నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది.

మావయ్య వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది అబద్ధం కాదు, నేను చూశాను. ఎనిమిదో రోజు అడ్వాన్సు పంపాడు. అదే మనిషికి, అదే తల్లి పిల్ల కోసం. "ఈసారి ముత్తాత కూడా కలుస్తున్నాడట" అన్నాడు నాతో, కళ్లు తుడుచుకుంటూ.

నిన్న కుక్క గూటికి రంగు వేయించారు. పిడుదులు గోడ పగుళ్లలో నెలలకొద్దీ తిండి లేకుండా ఉండగలవు. పగుళ్లు పూడ్చమని మేస్త్రీతో చెప్పాను. అతను మావయ్య వంక చూశాడు. మావయ్య గూటి మీద "సీజర్-2" అని రాయించే పనిలో ఉన్నాడు. అక్షరాలు వంకర పోయాయని రెండుసార్లు చెరిపించాడు.