ఒకే గేటు, రెండు పాసులు

గాజువాకలో ఒక టీ కొట్టు. మావయ్య ప్రభుత్వ ఫ్యాక్టరీలో పర్మనెంటుగా చేసి రిటైరైన ఎర్రజెండా మనిషి. మేనల్లుడు అక్కడే కాంట్రాక్టు కార్మికుడు. పక్క బల్ల మీద కూర్చున్న నా మొగ్గు అల్లుడి వైపే. ముందే చెప్పేస్తున్నాను.

అల్లుడు: వర్గ పోరాటం అంటావు. అసలు నీది ఏ వర్గం మావయ్యా? నీకు క్వార్టరు, పింఛను, ఆసుపత్రి. అదే పని చేసే నాకు కాంట్రాక్టరు ఎప్పుడిస్తే అప్పుడు జీతం.

మావయ్య: జీతాన్ని బట్టి వర్గం తేలదురా. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయి, శ్రమశక్తి ఎవరు అమ్ముకుంటున్నారు, అదీ లెక్క. మిషను నీదీ కాదు, నాదీ కాదు.

అల్లుడు: మరి సర్కారు ఫ్యాక్టరీలో షావుకారు ఏడి?

మావయ్య: 1941లో పారిశ్రామికవేత్త వాల్‌చంద్ మన విశాఖలో పెట్టిన సింధియా షిప్‌యార్డు 1961 నాటికి పూర్తిగా ప్రభుత్వానిదైంది. అయినా కూలీ కూలీగానే ఉన్నాడు కదా. ప్రభుత్వ ఆస్తి అయినంత మాత్రాన పెట్టుబడి స్వభావం పోదని మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఎప్పుడో చెప్పాడు.

అల్లుడు: అలాగైతే ప్రైవేటీకరణ వద్దని శిబిరంలో ఎందుకు కూర్చున్నావు? ఎవరైనా ఒకటేగా!

మావయ్య: ఒకటే అనలేదు. 1966లో విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. కొట్లాడి తెచ్చుకున్నది ఊరికే వదులుకుంటామా?

అల్లుడు: అందులో నా వాటా ఏది?

మావయ్య: నీ వాటా ఎటు పోతోందో చెప్తా విను. ఎనిమిది గంటల షిఫ్టు. నీ కూలికి సరిపడా విలువ నాలుగు గంటల్లోనే తయారైపోయిందనుకో. మిగతా నాలుగు గంటలు పనిచేసింది ఎవరికోసం? అదే అదనపు విలువ. 1867లో వచ్చిన మార్క్స్ పుస్తకం ‘పెట్టుబడి’ మొదటి సంపుటానికి గుండెకాయ అదే.

అల్లుడు: బాగుంది. నా నాలుగు గంటల్లో కొంత నీ బోనసులోకి రాలేదని చెప్పగలవా? మీ యూనియన్ వేతన ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు మా పేరెత్తిందా?

(మావయ్య గ్లాసు కింద పెట్టాడు. అంతసేపూ పుస్తకంలోంచి వచ్చిన మాటలు ఇక్కడ ఆగాయి.)

మావయ్య: ఎత్తలేదు. ఎత్తితే మా ఒప్పందం ఆగిపోతుందని భయపడ్డాం.

అల్లుడు: మరి ప్రపంచ కార్మికులారా ఏకం కండి అన్నది?

మావయ్య: అది 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళిక పిలుపు. మరుక్షణం ఏకమైపోతారని మార్క్స్ కూడా అనుకోలేదురా. అంతకు ముందు ఏడాదే రాశాడు: పెట్టుబడి ఎదుట అందరూ ఒక వర్గమే, కానీ తమ కోసం నిలబడే వర్గంగా మారేది పోరాటంలోనే అని.

అల్లుడు: మమ్మల్ని పనిలోంచి తీసేస్తే గేటు ముందు కూర్చున్నాం కదా. అది పోరాటం కాదా? ఆ రోజు నువ్వెక్కడున్నావు?

మావయ్య: బి షిఫ్టు. లోపలే ఉన్నాను.