శాన్ పిల్లలకు చదువు దండగంటున్న ఆ మెసేజి గురించి

మళ్ళీ అదే మెసేజి. పాత స్నేహితుల గ్రూపులో ఒకరు, అపార్ట్‌మెంటు గ్రూపులో ఇంకొకరు, ఆఖరికి బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉంటున్న మనవాళ్ళు కూడా పంపేశారు. విల్లు పట్టుకున్న ఒక పెద్దాయన ఫొటో, దాని కింద రాత. సారాంశం ఇది: ఆఫ్రికా ఖండం దక్షిణాన కలహారి ఎడారిలో ఉండే ఆదివాసులు, శాన్ జనం, వేల ఏళ్ళుగా మారలేదు, అడవిలోనే వాళ్ళకు సుఖం. వాళ్ళ భాష నాలుకతో చేసే చప్పుళ్ళు, దాంట్లో పాఠాలు రాయలేం. ప్రభుత్వాలు బడి, తిండి, హాస్టలు ఉచితంగా ఇస్తే పిల్లలు పారిపోతారు, కన్నవాళ్ళకు పట్టదు. పని నేర్పిస్తే తాగి పడుకుంటారు. కాబట్టి వాళ్ళ చదువుకని ఎవరైనా చందా అడిగితే ఇవ్వకండి.

ఆ చివరి వాక్యం లేకపోతే ఊరుకునేదాన్నేమో. ఎవరో ఇవ్వబోయిన నాలుగు డబ్బులు ఆగిపోవాలనే రాశారు కనుక ఊరుకోను.

"మారలేదు" అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. దక్షిణాఫ్రికాలో కింబర్లీ పక్కన ప్లాట్‌ఫాంటైన్ అనే ఊరుంది. అక్కడ ఉండే కున్, ఖ్వే అనే శాన్ తెగల కుటుంబాల మగవాళ్ళను వర్ణవివక్ష కాలపు సైన్యం నమీబియా యుద్ధంలో వాడుకుంది. 1990లో కుటుంబాలతో సహా తీసుకొచ్చి ఏళ్ళ తరబడి గుడారాల్లో ఉంచారు. 2000 నుంచి వాళ్ళ భాషల్లో ఒక రేడియో స్టేషను నడుస్తోంది. ఇన్ని చూసినవాళ్ళను పట్టుకుని మారలేదంటే ఇక మాట్లాడేదేముంది.

భాష సంగతి ఇంకా తేలిక. మండేలా మాతృభాష ఖోసాలోనూ నాలుకతో చేసే ఆ చప్పుళ్ళు, అంటే క్లిక్ ధ్వనులు, ఉన్నాయి. దాన్ని రాస్తున్నారు, అచ్చు వేస్తున్నారు, బళ్ళో చెబుతున్నారు. ఈశాన్య నమీబియాలోని శాన్ భాష జుహోవాన్సికి ప్యాట్రిక్ డికెన్స్ చేసిన నిఘంటువు 1994లోనే అచ్చయింది. బోట్స్వానాలో డికార్ ఊరి కేంద్రంగా నారో అనే శాన్ భాషలో పుస్తకాలు వచ్చాయి. దక్షిణాఫ్రికాలో నూ అనే మరో శాన్ భాష ధారాళంగా మాట్లాడేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టే స్థితికి వచ్చాక, అపింగ్టన్‌లో కత్రినా ఈసావ్ అనే పెద్దావిడ పిల్లల్ని పోగేసి పాఠాలు చెప్పింది. రాయలేమని తేల్చేసినవాళ్ళు ఒక్కసారైనా వెతికారా? ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి ఫొటో పెట్టి పొంగిపోయేదీ ఈ గ్రూపుల్లోనే. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాసింది ఎందుకో కాస్త గుర్తు తెచ్చుకోండి.

అసలు విషం "పిల్లలు పారిపోతారు, కన్నవాళ్ళకు పట్టదు" అన్న మాటలో ఉంది. పిల్లలు పారిపోతున్న మాట నిజం. ఎక్కణ్ణుంచి పారిపోతున్నారో కూడా రాయాలి కదా.

బోట్స్వానా మారుమూల పల్లెలో ఆరేడేళ్ళ పిల్ల. ఇంట్లో మాట్లాడేది నారోనో, మరో శాన్ భాషో. టర్మ్ మొదలయ్యే ముందు లారీ వస్తుంది, పిల్లల్ని ఎక్కించుకుని ఎక్కడో దూరాన హాస్టల్లో దింపేసి పోతుంది. టీచరు మాట్లాడేది ఆ దేశపు జాతీయ భాష సెత్స్వానా. అది కాస్త చెవినపడేలోపు పాఠం ఇంగ్లీషులోకి మారుతుంది. శాన్ ఇళ్ళల్లో పిల్లల మీద చెయ్యెత్తడం చాలా అరుదు. బళ్ళో బెత్తం ఉంటుంది, అక్కడి చట్టం దాన్ని ఒప్పుకుంటుంది కూడా. తోటిపిల్లలు కులం తక్కువదాన్ని చూసినట్టు చూస్తారు, వెక్కిరిస్తారు, దుప్పటి లాక్కుంటారు. రాత్రి కడుపునొప్పి వస్తే, వస్తోందని చెప్పుకోవడానికి తన భాష తెలిసిన పెద్ద మనిషి ఒక్కరుండరు. ఆ పిల్ల ఇంటిదారి పట్టి ఇసుకలో నడిచి పోతే దాన్ని చదువు మీద అయిష్టం అంటారా? మీ పాపను ఊరుగాని ఊళ్ళో, భాషరాని హాస్టల్లో ఒక్క వారం ఉంచగలరా? పంపినవాళ్ళందరినీ అడుగుతున్నాను.

ఇక కన్నవాళ్ళు. సెంట్రల్ కలహారి అభయారణ్యంలో తరతరాలుగా ఉన్న కుటుంబాలను 1997లో, మళ్ళీ 2002లో, బయట బడీ ఆసుపత్రీ ఉంటాయంటూ న్యూ కాడే లాంటి కాలనీలకు తరలించారు. వాళ్ళు కోర్టుకెక్కారు. సమ్మతి లేకుండా వాళ్ళను తమ భూమికి దూరం చేశారని 2006 డిసెంబరులో బోట్స్వానా హైకోర్టు తీర్పు చెప్పింది. లోపల బోరునీళ్ళు తాగే హక్కు కోసం 2011లో అప్పీలు కోర్టు దాకా వెళ్ళాల్సివచ్చింది. ఇల్లు వదిలితేనే బడి అన్నచోట, బడి పేరు చెబితే భయపడే తల్లిదండ్రులుంటారు. పిల్లల్ని దాచుకునేవాళ్ళూ ఉంటారు. దాన్ని పట్టనితనం అనడానికి నోరెలా వచ్చింది?

నమీబియాలో నైనై ప్రాంతం చూడండి. 1990లలో అక్కడ పల్లె బళ్ళు పెట్టారు. బడి ఊళ్ళోనే, టీచర్లు ఆ ఊళ్ళవాళ్ళే, మొదటి మూడు తరగతులు జుహోవాన్సిలోనే. పిల్లలు రాత్రికి అమ్మ దగ్గరే పడుకుంటారు. నాలుగో తరగతికి ట్సుమ్‌క్వే అనే పెద్ద ఊరికి వెళ్ళాలి, అక్కడ హాస్టలు, ఇంగ్లీషు. ఎక్కువమంది మానేసేది సరిగ్గా అక్కడే. అవే పిల్లలు, అవే తల్లిదండ్రులు.

పని నేర్పించడం గురించిన ఆరోపణలో మాత్రం నిజం ఉంది, ఒప్పుకుంటాను. తాగుడు ఆ కాలనీల్లో పెద్ద సమస్య, చాలా ఇళ్ళు పాడుచేసింది. శిక్షణల మీద పెట్టిన డబ్బులో చాలా భాగం ఇసుకలో పోసినట్టే అయింది. కొనేవాడు లేనిచోట కుట్టుపని నేర్పి, ఫొటోలు దిగి, సర్టిఫికెట్లు పంచి వెళ్ళిపోతే ఇంకేమవుతుంది? ఆ సంస్థల్ని నిలదీయండి, నేనూ కలుస్తాను.

కానీ నిలిచినవీ ఉన్నాయి. నైనైలో డెవిల్స్ క్లా అనే దుంప తవ్వుతారు. కీళ్ళనొప్పుల మందుగా అది యూరప్ వెళుతుంది. అక్కడ నేర్పింది ఎలా తవ్వాలన్నది: మధ్యలో ఉన్న తల్లివేరును ముట్టుకోకూడదు, పక్కల ఊరిన దుంపలనే కోయాలి, గుంత మళ్ళీ పూడ్చాలి, ముక్కలు చక్రాల్లా తరిగి శుభ్రంగా ఎండబెట్టాలి. వేరు బతికితే మొక్క మళ్ళీ ఊరుతుంది. కొనేవాళ్ళతో ముందే ఒప్పందం ఉంటుంది కాబట్టి డబ్బు తవ్వినవాళ్ళ చేతికే వస్తుంది. జంతువుల అడుగుజాడలు చదివే విద్యకు 1990ల నుంచి పరీక్ష పెట్టి ధ్రువపత్రాలిస్తున్నారు. అక్షరం రానివాళ్ళు కూడా బొమ్మలు నొక్కి జంతువుల ఆనవాళ్ళు నమోదుచేసేలా సైబర్‌ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్ కలహారి వేటగాళ్ళతో కలిసే తయారైంది. 2013లో ముగ్గురు జుహోవాన్సి జాడగాళ్ళను ఫ్రాన్సు పిలిపించి, గుహల్లో వేల ఏళ్ళనాటి అడుగుజాడలు చదివించుకున్నారు పురావస్తు పరిశోధకులు. ఎవరివి పిల్లల పాదాలో, ఎవరు బరువు మోశారో వాళ్ళు చూసి చెప్పారు. వీళ్ళకా నేర్చుకోవడం రానిది?

చందా ఇవ్వాలనుకున్నవాళ్ళు ఆపకండి, అడిగి ఇవ్వండి. పల్లె బడికి టీచరు కావాలంటే ఆ భాష వచ్చినవాళ్ళే కావాలి. పన్నెండో తరగతి దాటి టీచరు శిక్షణ దాకా చేరే శాన్ పిల్లలు బాగా తక్కువ. వాళ్ళ హాస్టలు ఖర్చుకు, సబ్బుకు, యూనిఫాంకు, సెలవుల్లో ఇంటికెళ్ళే బండికి మీ డబ్బు వెళుతుందా అని అడగండి. హాస్టల్లో పిల్లల్ని చూసుకునే ఆవిడ వాళ్ళ మనిషేనా అని అడగండి. అవునంటే ఇవ్వండి.