రోజుకు మూడు గంటల పని, ఐదు నెలల సెలవు: బేస్‌బాల్ కుటుంబాల గురించి చెప్పే ఈ లెక్క తప్పు

అమెరికా బేస్‌బాల్ గురించి ఒక మాట బాగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: "మేజర్ లీగ్ ఆటగాడికి రోజుకు మూడు గంటలే పని. 162 ఆటల్లో 81 సొంతూళ్లోనే. ఏడాదికి ఐదు నెలలు సెలవు. జీతం కోట్లలో. భార్యాపిల్లలు కావాలంటే వెంట తిరగొచ్చు. బిడ్డ పుడితే సెలవు కూడా ఇస్తారు. చిన్నపిల్లలున్న తండ్రికి ఇంతకన్నా సుఖమైన ఉద్యోగం ఏముంది?"

ఇందులో అంకెలు చాలావరకు నిజమే. వాటి నుంచి లాగిన అర్థం తప్పు. క్రికెట్ అలవాటుతో చూసేవాళ్లకు ఈ పొరపాటు మరీ సులువు. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14 మ్యాచులు, మొత్తం తంతు రెండు నెలల్లో ముగుస్తుంది. బేస్‌బాల్‌లో 162 ఆటలు సుమారు 186 రోజుల్లో పూర్తి చేయాలి. అంటే ఆరు నెలల్లో ఆట లేని రోజులు పాతిక లోపే. వాటిలో నాలుగు జులై నడుమ వచ్చే ఆల్‌స్టార్ విరామానివి. మిగిలినవాటిలో చాలా రోజులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణంలోనే పోతాయి.

"రోజుకు మూడు గంటల పని." ఆట నిడివి వరకు సరే. 2023లో పిచ్ క్లాక్ (బంతి విసరడానికి గడువు పెట్టే గడియారం) పెట్టాక సగటు ఆట 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది కూడా. కానీ రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆటకు ఆటగాడు మధ్యాహ్నం ఒంటి గంటకో రెండింటికో మైదానంలో ఉంటాడు. ఫిజియో, వ్యాయామం, ఎదుటి జట్టు పిచ్చర్ల (బంతి విసిరేవాళ్ల) వీడియోలు, సమావేశాలు, బ్యాటింగ్ సాధన అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. ఆట తొమ్మిదిన్నర, పదికి ముగిశాక ఐస్, మసాజ్, స్నానం, భోజనం. ఇల్లు చేరేది పదకొండుకు. ఆట వేడి దిగి నిద్ర పట్టేసరికి ఒంటి గంట. లేచేది తొమ్మిది దాటాక.

ఇప్పుడు మూడేళ్ల పిల్ల గడియారాన్ని దీని పక్కన పెట్టండి. ఉదయం ఆరున్నరకు లేస్తుంది, ఒంటి గంటకు కునుకు తీస్తుంది, రాత్రి ఏడున్నరకు పడుకుంటుంది. సొంతూళ్లో ఆట ఉన్న రోజున తండ్రీ కూతుళ్లిద్దరూ మెలకువగా ఒకచోట ఉండేది ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. అంతే. పిల్ల బడికి వెళ్లే వయసుదైతే అది కూడా లేదు. ఎనిమిదింటికి పిల్ల బయల్దేరుతుంది, మూడింటికి తిరిగొస్తుంది, అప్పటికి తండ్రి మైదానంలో ఉంటాడు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా, అంటే అన్నం, స్నానం, మారాం, నిద్ర అన్నీ కలిసొచ్చే వేళలో, తల్లి ఒక్కతే. ఆదివారం ఆట మధ్యాహ్నం ఉంటుంది కాబట్టి సాయంత్రం దొరుకుతుంది, ఆ రాత్రే జట్టు విమానం ఎక్కకపోతే.

కొన్ని కుటుంబాలు పిల్ల గడియారాన్నే జరుపుతాయి: రాత్రి పది నుంచి ఉదయం తొమ్మిది దాకా నిద్ర, మధ్యాహ్నం రెండింటికి కునుకు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఆ లెక్క కుదిరితే ఇందులో తప్పు లేదు. ఒకేసారి జరపకూడదు, మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున జరపాలి. కిటికీలకు వెలుగు చొరని ముదురు తెరలు తప్పనిసరి. ఇది చెడేది ఎక్కడంటే, జట్టు బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు. ఒంటరిగా ఉన్న తల్లి త్వరగా పడుకోబెట్టి కాస్త ఊపిరి తీసుకుందామనుకుంటుంది. వారం తర్వాత తండ్రి తిరిగొచ్చేసరికి పిల్ల పాత గడియారంలోకి వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ జరిపేలోపు అతను ఇంకో ప్రయాణానికి బ్యాగు సర్దుకుంటాడు. జరిపితే సీజన్ అంతా ఒకటే వేళ ఉంచాలి, లేదా అసలు ముట్టుకోకూడదు. కిండర్‌గార్టెన్ మొదలయ్యాక, అంటే ఐదేళ్లు నిండాక, ఈ దారి మూసుకుపోతుంది.

"81 ఆటలు సొంతూళ్లోనే." ఏ ఊరు? జట్టు ఊరు. కుటుంబం స్థిరపడిన ఇల్లు చాలామందికి ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. ఫిబ్రవరి నడుమ స్ప్రింగ్ ట్రైనింగ్, అంటే సీజన్ ముందు సాధన శిబిరం, మొదలవుతుంది. 30 జట్లలో సగం ఆరిజోనాకు, సగం ఫ్లోరిడాకు వెళ్తాయి. ఆరు వారాలకు అక్కడొక అద్దె ఇల్లు, అదీ చలి తప్పించుకోవడానికి జనం అక్కడికి వచ్చే ఖరీదైన నెలల్లో. మార్చి చివర జట్టు ఊళ్లో ఇంకో అద్దె ఇల్లు. సొంత ఇల్లు ఇంకెక్కడో. ఇది ఏమీ చెడకుండా నడిచిన ఏడాది సంగతి.

చెడే ఏడాది లెక్క వేరు. జట్టులో స్థిరమైన చోటు లేని ఆటగాణ్ని క్లబ్ ట్రిపుల్-ఏ స్థాయికి (మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉండే మైనర్ లీగ్‌కు) పంపి, మళ్లీ పిలిపించుకోవచ్చు. దీన్ని ఆప్షన్ అంటారు. 2022 నుంచి ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించి పంపకూడదని పరిమితి పెట్టారు. పరిమితే ఐదుసార్లు అంటే, వెళ్లడం రావడం కలిపి పది కదలికలు. పంపినప్పుడు మామూలుగా బ్యాటర్ కనీసం 10 రోజులు, పిచ్చర్ 15 రోజులు కింద ఉండాలి. అంత తక్కువ కాలానికి సామాన్లు తరలించలేరు, తరలించకపోతే తండ్రి కనపడడు. ఇక్కడ అదృష్టం భూగోళం మీద ఉంటుంది. సియాటిల్ జట్టు ట్రిపుల్-ఏ ఊరు టకోమా, కారులో గంట లోపే, పిల్లల మంచం కదపనక్కర్లేదు. లాస్ ఏంజెలిస్ జట్టు డాడ్జర్స్‌కు అది ఓక్లహోమా సిటీ. లాస్ ఏంజెలిస్ నుంచి రోడ్డు మీద రెండు వేల కిలోమీటర్ల పైన. అదే జీతం, అదే ఒప్పందం, కానీ ఇంట్లో రెండేళ్ల పిల్లాడి జీవితం పూర్తిగా వేరు.

పైగా జులై చివర, లేదా ఆగస్టు మొదట్లో, ట్రేడ్ గడువు: జట్లు ఆటగాళ్లను ఒకరితో ఒకరు మార్చుకోవడానికి చివరి తేదీ. పదేళ్ల సర్వీసు, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాళ్లకు మాత్రమే నిబంధన ప్రకారం కాదనే హక్కు ఉంది. చిన్నపిల్లల తండ్రులు సాధారణంగా ఇరవైల చివర, ముప్ఫైల మొదట్లో ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఈ హక్కుకు చాలా దూరం. ట్రేడ్ అయితే తండ్రి ఒకటి రెండు రోజుల్లో కొత్త ఊరు చేరాలి. పెట్టెలు కట్టడం, అద్దె ఇల్లు ఖాళీ చేయడం, పిల్లల డాక్టర్ కాగితాలు తెచ్చుకోవడం భార్య వంతు. తరలింపు ఖర్చుల కోసం ఆటగాళ్ల ఒప్పందంలో నిబంధనలు ఉన్నాయి. డబ్బు తిరిగి రావచ్చు, పని మాత్రం ఆమే చేయాలి.

అందుకే అనుభవమున్న కుటుంబాలు జులై మొదట్లోనే ఒక సంచి సర్దుకుంటాయి: జనన ధ్రువపత్రాలు, టీకాల కార్డు కాగితం నకళ్లు, డాక్టర్ చివరి చీటీ, రెండు వారాల మందులు, మడత మంచం, దాని మీద పిల్లకు అలవాటైన దుప్పటి. టీకాల నమోదు రాష్ట్రాలవారీగా ఉంటుంది కాబట్టి కొత్త ఊరి డాక్టర్‌కు పాత రాష్ట్రం వివరాలు కనిపిస్తాయన్న నమ్మకం లేదు. 2, 4, 6, 12 నెలల టీకాల్లో ఒకటైనా సీజన్‌లోనే పడుతుంది. కాగితం చేతిలో లేకపోతే వేసిన టీకాకు మళ్లీ వివరణ ఇచ్చుకోవాలి, లేదా తేదీ దాటిపోతుంది.

"ఐదు నెలలు సెలవు." అక్టోబర్ నుంచి ఫిబ్రవరి నడుమ దాకా నాలుగున్నర నెలలు, జట్టు ప్లేఆఫ్స్‌లో చివరిదాకా వెళ్తే మూడున్నరే. ఇది నిజమైన వరమే, కాదనకూడదు. రోజూ బడికి దింపే తండ్రిగా ఉండే అవకాశం చాలా ఉద్యోగాల్లో లేదు. అయితే డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా ఆటగాళ్లలో కొందరు అక్టోబర్ నుంచి జనవరి దాకా స్వదేశంలో వింటర్ లీగ్ ఆడతారు. ఒప్పందం ముగిసిన ఆటగాడికి వచ్చే ఏడాది ఏ ఊరో ఫిబ్రవరి దాకా తెలియకపోవచ్చు. పిల్లకు ప్రీస్కూల్‌లో చోటు అడిగే వేళకు చిరునామా ఉండదు.

"కోట్ల జీతం." మేజర్ లీగ్ కనీస జీతం 2026లో 7,80,000 డాలర్లు. ఇది పెద్ద మొత్తమే, పేదరికం కథ చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ అది రోజుల లెక్కన వస్తుంది. మేజర్ లీగ్ జాబితాలో ఉన్న రోజుకు సుమారు 4,200 డాలర్లు, లేని రోజుకు మైనర్ లీగ్ రేటు. వృత్తి ఆటగాళ్లలో ఎక్కువమంది ఉండేది మైనర్ లీగ్‌లోనే. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఆడే రఫ్‌రైడర్స్ టెక్సాస్ రేంజర్స్‌కు డబుల్-ఏ (ట్రిపుల్-ఏకు కింది మెట్టు) జట్టు. మైనర్ లీగ్ ఆటగాళ్లకు మొదటి సామూహిక ఒప్పందం కుదిరిన 2023లో డబుల్-ఏ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు. ట్రిపుల్-ఏకు 35,800, అంటే పన్నులు పోకముందు నెలకు మూడు వేల లోపు. ఆ ఊళ్లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకు ఆ డబ్బుతో పసిబిడ్డ డేకేర్ ఎలా నడుస్తుందో విడిగా చెప్పనక్కర్లేదు. 2022 నుంచి క్లబ్బులు వసతి ఇస్తున్నాయి, భార్యాపిల్లలున్నవాళ్లకు ప్రత్యేక ఏర్పాటు చేయాలని 2023 ఒప్పందం చెప్పింది. అది నిజంగా మంచి మార్పు. మైనర్ లీగ్ షెడ్యూల్ కూడా ఒక విషయంలో పిల్లలకు మేలు. 2021 నుంచి సాధారణంగా ఒకే జట్టుతో మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు ఆటలు, సోమవారం సెలవు. వారం ఇంట్లో, వారం బయట అన్న లయ పిల్లలకు అర్థమవుతుంది. మేజర్ లీగ్‌లో అది కూడా లేదు.

"కుటుంబం వెంట తిరగొచ్చు." జట్టు ప్రయాణించేది ప్రత్యేక విమానంలో. కుటుంబాలను అందులో ఎక్కించుకునేది ఏదో ఒకటి రెండు ప్రయాణాలకు, క్లబ్ ఇష్టాన్ని బట్టి. మిగిలినప్పుడు తల్లి మామూలు విమానంలో, ఒడిలో బిడ్డతో, కారు సీటు మోసుకుంటూ రావాలి. తూర్పు తీరం నుంచి పడమటికి వెళ్తే మూడు గంటల తేడా, పిల్ల తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది, తండ్రి పడుకుని మూడు గంటలే అయివుంటుంది. ఒకే హోటల్ గదిలో ఇద్దరికీ నిద్ర ఉండదు. అందుకే తలుపున్న రెండు గదుల సూట్ దొరికితేనే వెళ్లడం మంచిది.

టొరంటో ప్రయాణమైతే ఇంకో చిక్కు. విమానంలో కెనడా వెళ్లాలంటే నెలల బిడ్డకైనా పాస్‌పోర్ట్ కావాలి. 16 ఏళ్ల లోపు పిల్లలకు అమెరికా పాస్‌పోర్ట్ తీసుకోవాలంటే తల్లిదండ్రులిద్దరూ స్వయంగా హాజరు కావాలి, లేదా రాలేని వ్యక్తి డీఎస్-3053 సమ్మతి పత్రం నోటరీ చేయించి పంపాలి. ఆ పత్రం మూడు నెలలే చెల్లుతుంది. ఇవన్నీ స్ప్రింగ్ ట్రైనింగ్ కన్నా ముందే, తండ్రి ఇంట్లో ఉన్న చలికాలంలోనే ముగించాలి.

విదేశీ ఆటగాళ్ల భార్యల పరిస్థితి మన హెచ్-4 కుటుంబాలకు వెంటనే అర్థమవుతుంది. ఆటగాడికి పీ-1 వీసా, భార్యాపిల్లలకు పీ-4. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. భర్త ఊళ్లో లేని సగం రోజులు, భాష కొత్త, పని చేసే వీలు లేదు, చంటిబిడ్డ ఒళ్లో.

మైదానంలో కూర్చోవడం కూడా పిల్లలతో ఆషామాషీ కాదు. 2019 మే 29న హ్యూస్టన్‌లో ప్రేక్షకుల్లోకి దూసుకొచ్చిన ఫౌల్ బంతి తగిలి రెండేళ్ల పాప తీవ్రంగా గాయపడింది. ఆ ఏడాది చివర్లో, 2020 నుంచి మొత్తం 30 మైదానాల్లో రక్షణ వల పెంచుతామని లీగ్ ప్రకటించింది. అయినా వల లేని వరుసలు ఉన్నాయి. పిల్లలతో వల వెనకే కూర్చోవాలి, చంటిపిల్లలకు చెవులు కప్పే రక్షణ పెట్టాలి. క్లబ్‌హౌస్‌లోకి, అంటే ఆటగాళ్ల గదుల్లోకి, పిల్లల్ని తీసుకెళ్లడం హక్కు కాదు, అనుమతి. 2016 మార్చిలో, తన కొడుకును రోజూ తీసుకురావడం తగ్గించమని వైట్ సాక్స్ జట్టు యాజమాన్యం అన్నందుకు ఆటగాడు ఆడమ్ లరోష్ 1.3 కోట్ల డాలర్ల జీతం వదులుకుని ఆట మానేశాడు. అతని కొడుక్కి 14 ఏళ్లు, తన పని తాను చూసుకోగలడు. మూడేళ్ల పిల్లను అక్కడ ఎవరు చూస్తారు?

"బిడ్డ పుడితే సెలవు ఇస్తారు." ఇస్తారు. 2011లో పెటర్నిటీ లిస్ట్ (తండ్రి సెలవు జాబితా) వచ్చింది, ఆ ఏప్రిల్‌లో రేంజర్స్ పిచ్చర్ కోల్బీ లూయిస్ మొదటగా దాన్ని వాడుకున్నాడు. ఆ సెలవు ఒక రోజు నుంచి మూడు రోజులు. వారాలు కాదు. 2014లో మెట్స్ ఆటగాడు డేనియల్ మర్ఫీ అదే సెలవు తీసుకుని సీజన్ మొదటి రెండు ఆటలకు రాకపోతే, ముందే సిజేరియన్ చేయించుకోవాల్సిందని ఒక రేడియో వ్యాఖ్యాత అన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. సెలవు నిబంధనల్లో ఉన్నా, అది వాడుకున్నందుకు అతను మాట పడాల్సి వచ్చింది.

నొప్పులు షెడ్యూల్ చూసి రావు. అందుకని చాలామంది జట్టు ఊళ్లో ఉండే వారానికి కాన్పు కుదిరేలా డాక్టర్‌తో మాట్లాడతారు. వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండకముందు నొప్పులు తెప్పించకూడదన్నది గట్టి నియమం, జట్టు షెడ్యూల్ కోసం దాన్ని మీరమని డాక్టర్‌ను ఒత్తిడి చేయకూడదు. మూడు రోజుల గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నదీ ముఖ్యమే. మొదటి నొప్పికే పరుగెత్తి వచ్చి, అది ఉత్తుత్తిదైతే సెలవులో ఒక రోజు పోతుంది. ఆసుపత్రిలో చేర్చుకున్నారని తెలిశాక బయల్దేరడం మేలు, విమానం నాలుగు గంటల లోపు దూరమైతే. అంతకన్నా దూరమైతే ముందే రావాలి.

మామూలు కాన్పు అయితే ఆసుపత్రి నుంచి పంపేది ఒకటి రెండు రోజుల్లో, సిజేరియన్ అయితే మూడు నాలుగు రోజులు. అంటే సిజేరియన్ అయిన తల్లి ఇల్లు చేరే రోజున భర్త మళ్లీ మైదానంలో ఉంటాడు. ఆమెకు ఆ ఊళ్లో అమ్మ లేదు, అత్త లేదు. సాయానికి వచ్చే మనిషికి టికెట్ తీసేటప్పుడు కాన్పు తేదీ కాకుండా నాలుగో రోజు చూసి తీయాలి, అక్కడి నుంచి కనీసం ఆరు వారాలు ఉండేలా.